బిడ్డ పేరు

ఇవాళ పాత ఐరిష్ వార్త ఒకటి కంటపడింది. హత్యకు గురైన బిడ్డ గురించి కన్నతల్లి మాట్లాడుతుంటే, పత్రికలు ఆ పేరు వేయలేకపోయాయి!

అక్కడి 2001 బాలల చట్టం 252వ సెక్షన్ బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దంటుంది. చనిపోయినవాళ్లకీ అదే వర్తిస్తుందని 2020 అక్టోబరులో అప్పీలు కోర్టు తేల్చింది.
నిన్నటిదాకా అచ్చయిన పేర్లు హఠాత్తుగా మాయం. కన్నవాళ్లే చంపారన్న కేసుల్లో నిందితుల పేర్లూ దాగిపోయాయి. ఇదేం న్యాయం?

బాధిత కుటుంబాలు ఊరుకోలేదు. ఆ నిషేధాన్ని సడలిస్తూ సెనేటర్ మైకేల్ మెక్‌డొవెల్ తెచ్చిన సవరణ 2021లో చట్టమైంది.

మన దగ్గర అత్యాచారానికి గురై చనిపోయినవారి పేరు, కుటుంబం ఒప్పుకున్నా సరే, సెషన్స్ జడ్జి అనుమతి లేనిదే బయటపెట్టకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోయిన బిడ్డ పేరు చెప్పాలో వద్దో కన్నవాళ్లకే వదిలేయాలి. మీరేమంటారు?