ఆరుగురిలో నలుగురు

మే 11, 2025, ఆదివారం

మధ్యాహ్నం బెజవాడ నుంచి అక్క కొడుకు ఫోన్. సెలవులు కదా, పోకెమాన్ షోడౌన్ అనే ఆన్‌లైన్ ఆటలో డబుల్స్ ఆడటం మొదలుపెట్టాడు. "పిన్నీ, నా టీమ్ చూడు, దీన్ని ఎవడూ కొట్టలేడు" అంటూ ఆరు పేర్లు పంపాడు: చారిజార్డ్, గార్చాంప్, డ్రాగనైట్, గ్యారడోస్, టైరానిటార్, ఫ్లటర్ మేన్. ఆరింటికీ నాలుగేసి ఎటాక్ మూవ్‌లే. ఆ టర్న్‌లో దెబ్బ తగలకుండా కాచే ప్రొటెక్ట్ ఒక్కదానికీ లేదు. రాత్రి మళ్లీ ఫోన్ చేసేసరికి గొంతులో ఆ ఊపు లేదు.

కాగితం మీద గళ్లు గీసి టైపులు వేసి చూశాను. రాక్ ఎటాక్ చారిజార్డ్‌కి నాలుగు రెట్లు తగులుతుంది. గ్యారడోస్‌కీ డ్రాగనైట్‌కీ రెండు రెట్లు. ఐస్ అయితే గార్చాంప్, డ్రాగనైట్ ఇద్దరికీ నాలుగు రెట్లే. రాక్ స్లైడ్ ఎదుటి ఇద్దరి మీదా ఒకేసారి పడుతుంది, పైగా ఒక్కొక్కరూ ఆ టర్న్‌లో కదలకుండా పోయే అవకాశం 30 శాతం. పదకొండు మందీ సిక్సర్లు కొట్టేవాళ్లే ఉన్న క్రికెట్ జట్టులా ఉంది ఇది.

గళ్ల కాగితం ఫొటో తీసి పంపాను. ఏం మార్చాలో చెప్పలేదు. చారిజార్డ్‌ని తీసేయమని మాత్రం ఎప్పటికీ అనను. అదంటే వాడికి ప్రాణం.

మే 14, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండో టీమ్ వచ్చి ఉంది. ఈసారి పద్దెనిమిది టైపులకూ ఎవరో ఒకరు అడ్డు ఉండేలా చూసుకున్నాడు. గళ్లన్నీ పచ్చరంగే. అయినా ఓడిపోతున్నానని వాడి బాధ. "బ్యాలెన్స్ చేశాను కదా పిన్నీ!"

చేసింది పట్టిక బ్యాలెన్స్. డబుల్స్‌లో ఒకేసారి ఇద్దరు నిలబడతారు. వాళ్లలో ఒకరి వల్ల రెండోవాడికి ఏం ఒరుగుతోంది? వాడి టీమ్‌లో ఆరుగురూ ఎవరి పోరాటం వాళ్లు చేసుకుంటున్నారు. ఎవరూ ఎవరికీ దారి ఇవ్వడం లేదు.

పాచిరిసు కథ చెప్పాను. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్, వాషింగ్టన్ డీసీ. దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ ఆ బుల్లి ఉడుతని టీమ్‌లో పెట్టుకొచ్చి గెలిచాడు. దాని బేస్ స్టాట్స్ అన్నీ కలిపితే 405, అదే టీమ్‌లోని గార్చాంప్‌వి 600. మరి ఎందుకు తెచ్చినట్టు? అతని గ్యారడోస్‌కి మెగా రూపం ఎత్తేదాకా ఎలక్ట్రిక్ నాలుగు రెట్లు తగులుతుంది. టాలన్‌ఫ్లేమ్‌కీ ఎలక్ట్రిక్ పడదు. పాచిరిసు ఫాలో మీ వేసిందంటే పక్కవాడి మీదికి వచ్చే దెబ్బ దాని మీదికి మళ్లుతుంది. అది ఎలక్ట్రిక్ దెబ్బైతే వోల్ట్ అబ్జార్బ్ వల్ల గాయం కాకపోగా, హెచ్‌పీలో నాలుగో వంతు తిరిగొస్తుంది. సూపర్ ఫ్యాంగ్ ఎదుటివాడు ఎంత గట్టివాడైనా ఉన్న ప్రాణంలో సగం కొరికేస్తుంది, దానికి సొంత బలంతో పనే లేదు. పక్కన నిలబడేవాళ్లకి ఏం కావాలో సరిగ్గా అదే ఇచ్చే జీవిని అతను వెతికి పట్టుకున్నాడు. ఈ ఆటలో నాకు తెలిసిన అత్యంత అందమైన ఆలోచన అది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే చారిజార్డ్‌కి ఏం కావాలి?" అని అడిగాడు.

మే 18, ఆదివారం

చారిజార్డ్‌కి ఎండ కావాలి. సోలార్ పవర్ ఎబిలిటీ ఉన్న చారిజార్డ్‌కి ఎండలో స్పెషల్ ఎటాక్ ఒకటిన్నర రెట్లు అవుతుంది, ఫైర్ మూవ్‌ల బలం మళ్లీ ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. బదులుగా టర్న్‌కి ఎనిమిదో వంతు ప్రాణం కాలిపోతుంది. ఎండ తెచ్చేది టోర్కోల్ అనే తాబేలు. అది మైదానంలోకి దిగగానే ఎండ కాస్తుంది, ఐదు టర్న్‌లు ఉంటుంది.

ఆ ఒక్క నిర్ణయంతో మిగతా పేర్లు వాటంతటవే కదిలాయి. టైరానిటార్ దిగితే ఇసుక తుపాను లేచి మన ఎండని చెరిపేస్తుంది, కాబట్టి వద్దు. ఎండలో వాటర్ మూవ్‌లు సగమైపోతాయి, గ్యారడోస్ వద్దు. ఫ్లటర్ మేన్‌కి మాత్రం ఎండ పండగే, దాని అత్యధిక స్టాట్‌ని పెంచే ప్రోటోసింథసిస్ దానంతటదే పనిచేస్తుంది. మన వేగాన్ని రెట్టింపు చేసే టెయిల్‌విండ్‌ని అందరికంటే ముందుగా వేయడానికి విమ్సికాట్. ఎదుటివాళ్ల ఎటాక్ తగ్గించడానికి, మొదటి టర్న్‌లో ఫేక్ ఔట్‌తో ఒకణ్ణి ఆపడానికి ఇన్సినరోర్.

ఆరో స్థానం దగ్గర పేచీ వచ్చింది. నేను రిల్లాబూమ్ అన్నాను. వాడు గార్చాంప్‌ని వదలనన్నాడు. రిల్లాబూమ్ తెచ్చే గ్రాసీ టెరైన్ ఎర్త్‌క్వేక్‌ని సగం చేస్తుంది కనుక ఇద్దరిలో ఒకరే. "గార్చాంప్ ఎర్త్‌క్వేక్ వేస్తే చారిజార్డ్ గాల్లో ఉంటుంది, దానికి తగలదు. రాక్ వేసేవాళ్లని గార్చాంప్ చూసుకుంటుంది" అన్నాడు. ఎవరు ఎవరికి పనికొస్తారన్న లెక్కలో వాడే మాట్లాడుతున్నాడిప్పుడు. గార్చాంప్ ఉంది.

మే 20, మంగళవారం

రాత్రంతా స్పీడ్ లెక్కలే. రాసిపెట్టుకోకపోతే మర్చిపోతాను.

ఎదుటివాళ్ల దగ్గరా ఫ్లటర్ మేన్ ఉండొచ్చు. లెవల్ 50లో దాని గరిష్ఠ స్పీడ్ 205. మన టోర్కోల్ తెచ్చిన ఎండ దానికీ పనిచేస్తుంది. ప్రోటోసింథసిస్ స్పీడ్‌నే పెంచితే 307. స్పెషల్ ఎటాక్ పెంచే మోడెస్ట్ స్వభావమున్న చారిజార్డ్‌కి స్పీడ్‌లో 252 ఈవీలూ (శిక్షణ పాయింట్లు) పోసినా 152. టెయిల్‌విండ్‌లో రెట్టింపైతే 304. మూడంటే మూడు పాయింట్ల తేడాతో చారిజార్డ్ వెనకబడుతుంది, వెనకబడితే ఆ టర్న్‌లో బతకకపోవచ్చు కూడా.

స్వభావాన్ని స్పీడ్ పెంచే టిమిడ్ చేస్తే? 156 ఈవీలతోనే 154. టెయిల్‌విండ్‌లో 308. ఒక్క పాయింట్ ముందు! స్పెషల్ ఎటాక్‌లో 252 ఉంచినా మొత్తం 510లో ఇంకా 102 మిగిలాయి. అందులో 100 హెచ్‌పీలో వేస్తే 153 కాస్తా 166 అవుతుంది. ఎండకి కాలిపోయే ఒంటికి ఆ పదమూడూ అవసరమే. మోడెస్ట్ ఇచ్చే అదనపు బలం పోతుంది. పోనీ, ఎండ ఉందిగా.

ఆట మధ్యలో మార్చుకునే టెరా టైప్ గ్రాస్. రాక్ మామూలు దెబ్బకి దిగుతుంది, వాటర్, ఎలక్ట్రిక్ సగమవుతాయి, అమూంగస్ చల్లే స్పోర్ అసలు అంటుకోదు. నిండు ప్రాణంతో ఉంటే ఒక్క దెబ్బకి పడిపోకుండా కాచే ఫోకస్ సాష్ చారిజార్డ్‌కీ విమ్సికాట్‌కీ కావాలి, కానీ ఒకే ఐటెమ్ ఇద్దరికి ఇవ్వకూడదు. విమ్సికాట్‌కే ఇచ్చాం. అది ఒక్క టర్న్ బతికితే చాలు.

మే 24, శనివారం

ఆరుగురిని కట్టడం సగం పనే. ఆటలోకి తీసుకెళ్లేది నలుగురినే. ఆరుగురిలో నలుగుర్ని పదిహేను రకాలుగా ఎంచుకోవచ్చు, ముందు దిగే జంటతో కలిపితే తొంభై రకాలు. అవన్నీ ఎవరికి కావాలి? నోట్‌బుక్‌లో ఎదుటి టీమ్ రకాన్ని బట్టి మన నలుగురెవరో రాయమన్నాను.

వేగంగా ఆడేవాళ్ల మీదికి వాడు రాసుకున్న వరస నాకు భలే నచ్చింది. విమ్సికాట్, చారిజార్డ్ ముందు. మొదటి టర్న్ టెయిల్‌విండ్, చారిజార్డ్ ప్రొటెక్ట్. రెండో టర్న్ విమ్సికాట్‌ని వెనక్కి పిలిచి టోర్కోల్‌ని దింపడం. మార్పిడి మూవ్‌ల కంటే ముందే జరుగుతుంది కనుక అదే టర్న్‌లో చారిజార్డ్ వేసే హీట్ వేవ్‌కి ఎండ అందుతుంది. వాన తెచ్చే పెలిపర్ ఉన్నా ఇదే దారి, తర్వాత దిగినవాడి వాతావరణమే నిలుస్తుంది.

జూన్ 1, ఆదివారం

సాయంత్రం వాడు ఆడుతుంటే ఇక్కణ్ణుంచి చూశాను. ఎదురుగా ఇండీడీ, హ్యాటరీన్. ట్రిక్ రూమ్ వేసి ఐదు టర్న్‌లు నెమ్మదివాళ్లనే ముందు కదిలించే టీమ్. నేను ఏమీ అనకముందే వాడు చారిజార్డ్‌నీ విమ్సికాట్‌నీ పక్కన పెట్టి టోర్కోల్, ఇన్సినరోర్‌లతో దిగాడు. ఇండీడీ తెచ్చే సైకిక్ టెరైన్ ఉంది కనుక ఫేక్ ఔట్ పనిచేయదని గుర్తుంచుకున్నాడు, దాని జోలికే పోలేదు. మొదటి టర్న్ టోర్కోల్ ప్రొటెక్ట్ వేసుకుంది. వాళ్లు ట్రిక్ రూమ్ పెట్టారు. మన టోర్కోల్ స్పీడ్ 22. హ్యాటరీన్ ఎంత తగ్గించుకున్నా 30. రెండో టర్న్‌లో ముందు కదిలింది తాబేలే. నిండు ప్రాణంతో ఎరప్షన్, పైన ఎండ. ఇద్దరికీ తగిలే మూవ్ కనుక ఇండీడీ ఫాలో మీ వేసినా మళ్లించలేకపోయింది. ఇద్దరూ పడిపోయారు.

"పిన్నీ, వాళ్ల ట్రిక్ రూమ్ మనకి పనికొచ్చింది!" అని ఫోన్‌లో అరిచాడు. వెనక నుంచి అక్క అన్నానికి రమ్మని కేకేస్తోంది.

టైరానిటార్ ఆలస్యంగా దిగి ఇసుక లేపితే ఏ నలుగురు అని పెట్టేసే ముందు అడిగాడు. గార్చాంప్ ఖాయం, ఇసుక దాన్ని ఏమీ చేయదు. ఇన్సినరోర్ కూడా ఉండాలనుకుంటున్నాను, రాక్ స్లైడ్ బలం తగ్గించాలిగా. మిగతా ఇద్దరినీ వాణ్ణే రాసి పంపమన్నాను.