మా కాలేజీకి పేరు లేదా?

పోయిన తై నెలలో తిరుత్తణిలో మా పెదనాయన కూతురి పెళ్ళి. భోజనాల పంక్తిలో నేనూ మా అవ్వా పక్కపక్కన కూర్చున్నాం. ఎదుటి వరసలో హైదరాబాదు నుంచి వచ్చిన మగపెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆకులో ఉప్పు, ఊరగాయ పడ్డాయో లేదో ఆయన అడిగేశారు.

"ఏం చదువుతున్నావమ్మా?"

"బి.ఏ. హిస్టరీ అండి, రెండో సంవత్సరం."

"ఎక్కడ?"

"మద్రాసు యూనివర్సిటీ."

"ఓహో, పెద్ద యూనివర్సిటీ కదా!" అని ఆయన తృప్తిగా తల ఊపి పప్పన్నం కలుపుకున్నారు.

నేను చెప్పింది అబద్ధం కాదు. మన కాలేజీ ఆ యూనివర్సిటీకి అనుబంధమే. రేపు మన పట్టా మీద ఉండేదీ ఆ పేరే. కానీ ఆయన కళ్ళకు మెరీనా ఎదురుగా గుమ్మటాలతో నిలబడిన సెనేట్ హౌస్ కనబడిందని నాకు తెలుసు. కనబడాలనే అలా చెప్పాను.

తిరుగు బండిలో అరక్కోణం దాటేదాకా అవ్వ ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది: "ఏమే, మీ కాలేజీకి పేరు లేదా ఏంది?"

అవ్వ మూడో తరగతి దాకా చదివింది, అదీ తమిళంలో. ఆమె అడిగింది మామూలు ప్రశ్నే. ఒక చోటికి రోజూ పోతున్నావు, ఆ చోటికి ఒక పేరు ఉంటుంది కదా, అది ఎందుకు చెప్పలేదు అని. నాకు మాత్రం ఇంకోలా వినబడింది. మన భాషలో "పేరున్న కాలేజీ" అంటే అర్థం వేరు కదా.

తర్వాతి వారం మధ్యాహ్నం డబ్బాలు తెరిచినప్పుడు ఈ సంగతి మా వాళ్ళతో చెప్పాను. అంతే, చర్చ మొదలైపోయింది. అసలు అన్నిటికంటే గొప్ప యూనివర్సిటీ ఏది? ఒకరు ఆక్స్‌ఫర్డ్ అన్నారు. ఒకరు "అంత దూరం ఎందుకు, అడయారు దాటితే ఐఐటీ లేదా?" అన్నారు. వైజాగులో మేనమామ ఉన్న అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీ అంది. వాళ్ళక్క హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చదువుతున్న అమ్మాయి దాని పేరు చెప్పింది. ఎవరికి ఎవరు ఉన్న ఊరు అదే గొప్ప!

తేల్చడానికి ఫోనులు బయటికి తీశాం. మన దేశ ప్రభుత్వం 2016 నుంచి ప్రతి ఏడూ ర్యాంకుల జాబితా ఇస్తోంది. యూనివర్సిటీల వరసలో బెంగుళూరు ఐఐఎస్సీ మొదటిది. అన్ని రకాల సంస్థలనూ కలిపి వేసిన వరసలో 2019 నుంచి మన మద్రాసు ఐఐటీ మొదటిది. ఐఐటీ అన్న అమ్మాయి చెయ్యి పైకెత్తి గెలిచానంది. కానీ ఆ మార్కులు ఎలా వేస్తారో చదివాక అందరం కాసేపు ఊరుకున్నాం. యూనివర్సిటీలకు నూటికి బోధన, వసతులకు 30, పరిశోధనకు 30, చదివి బయటికి వచ్చినవాళ్ళ ఫలితాలకు 20. ఆడపిల్లలు, పేద పిల్లలు, వికలాంగులు, పై రాష్ట్రాల పిల్లలు ఎంతమందిని చేర్చుకున్నారు, ఎలా చూసుకుంటున్నారు అన్నదానికి అంతా కలిపి 10. మిగతా 10 ఆ సంస్థ గురించి బయటివాళ్ళు ఏమనుకుంటున్నారన్నదానికి. అంటే మనమందరం కలిసి పది మార్కుల్లో సర్దుకోవాలి, వట్టి పేరుకు కూడా అదే పది.

లండన్ నుంచి వచ్చే క్యూఎస్ జాబితాలో పేరుకు ఇంకా విలువ. ప్రపంచంలోని ప్రొఫెసర్లను "మీ దృష్టిలో మంచివి ఏవి?" అని అడిగి, ఆ అభిప్రాయానికే చాలా ఏళ్ళు నూటికి 40 వేశారు. ఈ మధ్యే దాన్ని 30 చేశారు. పేరున్న చోటికి పేరు, ఆ పేరుకు మార్కులు, మార్కుల వల్ల మళ్ళీ పేరు. మా అమ్మ తమిళురాలు. ఈ సంగతి చెబితే నవ్వి "అదే కదా మన వీధిలో చీటీల సంఘం కథ, ఎవరికి నమ్మకం ఉందో వాళ్ళకే ఇంకా నమ్మకం" అంది.

నేను చరిత్ర విద్యార్థిని కాబట్టి పాత సంగతులు వెతకడం అలవాటు. మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది, కలకత్తా, బొంబాయి యూనివర్సిటీలతో పాటు. లండన్ యూనివర్సిటీని చూసి వేసిన నమూనా అది. మొదట్లో చాలా ఏళ్ళు అది పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చేదే తప్ప పాఠాలు చెప్పేది కాదు. పాఠాలన్నీ కాలేజీల్లోనే. అంటే నేను పెళ్ళిలో అరువు తెచ్చుకున్న ఆ పెద్ద పేరు అసలు కాలేజీల్లో, బల్లల మీద, రోజూ పాఠం చెప్పిన అయ్యవార్ల వల్ల వచ్చిందే. నేను ఏ పేరు దాచానో అలాంటి పేర్లే దాన్ని పెద్దది చేశాయి.

ఆక్స్‌ఫర్డ్ అన్న అమ్మాయికి ఇంకో సంగతి చెప్పాను. మేము పెళ్ళికి వెళ్ళిన తిరుత్తణిలోనే పుట్టిన తెలుగువారు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన చదివింది వెల్లూరు ఊరీస్ కాలేజీలో, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం కూడా, బంధువు ఒకరు చదివేసిన పుస్తకాలు ఉచితంగా దొరకడమే. అలాంటి మనిషి 1931లో ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు, 1936లో ఆక్స్‌ఫర్డ్‌కే ప్రొఫెసరుగా వెళ్ళారు. అక్కడ చదవకుండానే అక్కడివాళ్ళకు పాఠం చెప్పారు.

"సరే, ఆయన మగవాడు కదా" అంది ఆ అమ్మాయి. ఆ మాట నన్ను పట్టేసింది. ఇంటికి పోయి ఆ సంగతి వెతికాను. ఎప్పుడూ జాబితాల పైవరసలో ఉండే కేంబ్రిడ్జ్‌లో ఆడవాళ్ళ కోసం గర్టన్ కాలేజీ 1869లోనే వచ్చింది. కానీ ఆడవాళ్ళు చదివి, పరీక్ష రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నా, మగవాళ్ళతో సమానంగా పూర్తి పట్టా 1948 దాకా ఇవ్వలేదు. అప్పటికి మనకు స్వతంత్రం కూడా వచ్చేసింది. కలకత్తా యూనివర్సిటీలో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు 1883లోనే బి.ఏ. పట్టా అందుకున్నారు. అరవై అయిదేళ్ళ తేడా! 1883లో చదువుకోవాలనుకున్న ఒక ఆడపిల్ల దగ్గరికి వెళ్ళి ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగితే ఏం చెప్పి ఉంటుంది?

మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ ఇంకా దగ్గరిది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి వచ్చాక ఆమె బెనారస్ మెట్రిక్ పరీక్షకు కట్టి పాసయ్యారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ. చదవాలనుకుంటే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి కుదరదన్నారు. ఆమె ఊరుకోలేదు. పేపర్లో ప్రకటన వేయించి, తనలాగే చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, తామే ఒక హాస్టలు పెట్టుకుని చేరారు. 1942లో మన మద్రాసు యూనివర్సిటీ నుంచి లా పట్టా తెచ్చుకున్నారు. ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆమెకు యూనివర్సిటీ పేరు కంటే ముందు కావలసింది రాత్రి పడుకోవడానికి ఒక గది. అది లేకపోతే ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా ఆమెకు లేనట్టే.

ఇది చదివినప్పుడు నాకు నా సంగతి గుర్తొచ్చింది. ప్లస్ టూ తర్వాత హైదరాబాదు వెళ్ళి చదవాలని నాకు చాలా ఆశ ఉండేది. నాన్న వద్దనలేదు. "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో "చూద్దాం" అంటే ఏమిటో మీ ఇళ్ళలోనూ తెలిసే ఉంటుంది. చివరికి ఇక్కడ చేరాను. ఇంటి నుంచి ఒకటే బస్సు, ఫీజు తక్కువ, అమ్మాయిల కాలేజీ. ఈ మూడూ నాన్న చెప్పిన కారణాలు. మొదటి ఆరు నెలలు నేను ఈ మూడింటినీ తిట్టుకుంటూనే వచ్చాను.

పేరు అక్కర్లేదని నేను అనడం లేదు. పోయిన సెలవుల్లో ఒక చోట ఇంటర్న్‌షిప్పుకు ఆన్‌లైన్ ఫారం నింపాను. కాలేజీ పేరు మనం రాయకూడదు, వాళ్ళిచ్చిన వరసలో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. వరస మొత్తం కిందిదాకా జరిపాను. మనది లేదు. ఆఖర్న "ఇతరములు" అని ఉంది. అదే నొక్కాను. జవాబు రాలేదు. పేరు లేకపోవడం అంటే ఏమిటో ఆ రోజు బాగా తెలిసింది. "ర్యాంకుల్లో ఏముంది, చదివేవాళ్ళు ఎక్కడైనా చదువుతారు" అని చెప్పేవాళ్ళు ఎప్పుడూ "ఇతరములు" నొక్కి ఉండరు.

కానీ ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. బళ్ళో నేను తమిళం, ఇంగ్లీషే చదివాను. తెలుగు ఇంట్లో నాన్నతో, అవ్వతో మాట్లాడడమే తప్ప అక్షరం రాదు. ఇక్కడ చేరాక భాషాపాఠానికి తెలుగు తీసుకుంటే, మన మేడం మొదటి రెండు నెలలు నాతో పాటు ఇంకో ముగ్గురిని సాయంత్రాలు కూర్చోబెట్టి అ ఆల నుంచి నేర్పించారు. పంతొమ్మిదేళ్ళు రాబోతుండగా గుణింతాలు రాయాలంటే సిగ్గుగా ఉండేది. ఒత్తుల దగ్గర ఏడుపొచ్చేది.

మా ఇంట్లో ఒక పాత ఇత్తడి చెంబు ఉంది. అవ్వ పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చింది. దాని అంచు మీద తెలుగులో పేరు చెక్కి ఉంది. మా ఇంట్లో దాన్ని చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. నాన్న కూడా తమిళ బళ్ళోనే చదివాడు. "అది నా పేరే, మా నాయన చెక్కించినాడు" అని అవ్వ ఎప్పుడూ చెప్పేది. మొదటి సంవత్సరం సంక్రాంతికి చింతపండు పెట్టి తోముతుంటే అక్షరాలు తేటగా బయటపడ్డాయి. కూడబలుక్కుని చదివాను. అది అవ్వ పేరు కాదు. వాళ్ళమ్మ పేరు.

చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను. అవ్వ చెంబు అందుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "అయితే మాయమ్మది నాకిచ్చినారా" అంది. ఆ రోజంతా ఆ చెంబును అటకెక్కించలేదు.

ఇది ఏ జాబితాలో ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు. మా వాళ్ళ చర్చ కూడా ఇంకా తేలలేదు. నన్నడిగితే, ఏది గొప్ప అనే ముందు ఎవరికి గొప్ప అని అడగాలంటాను. ఆ యూనివర్సిటీ ఎవరికి తలుపు తీసింది, తీశాక వాళ్ళకేం నేర్పింది అని అడగాలి. వచ్చే ఏడు నేను ఎం.ఏ.కి హైదరాబాదు పరీక్ష రాస్తాను. ఈసారి నాన్న "చూద్దాం" అంటే, దుర్గాబాయి గారి హాస్టలు కథ చెబుతాను.

మొన్న ఆదివారం మా వీధిలో ఒక బారసాలకు వెళ్ళాం. ఒకావిడ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి మన కాలేజీ పేరు మొత్తం చెప్పాను. "అదెక్కడ? విన్లేదే" అందావిడ. బస్సు నంబరు, దిగాల్సిన స్టాపు చెప్పాను. పక్కన అవ్వ తమలపాకుకు సున్నం రాస్తూ, నన్ను అడగకుండానే అందుకుంది:

"ఆడనే దీనికి చదవను వచ్చింది."

– రెండవ సంవత్సరం, బి.ఏ. (చరిత్ర)