ఊదా మూత, పసుపు మూత

మా జిల్లా ఆసుపత్రి ల్యాబ్ కిటికీ దగ్గర ఉదయం ఏడున్నరకే ట్రేలు బారులు తీరాయి. ఊదా మూత ట్యూబులు ఒక వరుస, పసుపు మూతవి ఇంకో వరుస. సీఆర్‌పీ, ఫెరిటిన్, డి-డైమర్ అంటూ కోవిడ్ రోజుల్లో అందరి నోళ్లలో నానిన పరీక్షల్లో ముఖ్యంగా సీఆర్‌పీ అసలేం చెబుతుందో చూద్దామని వెళ్లాను. అప్పట్లో మా వీధిలో ముక్కు కారినవాళ్లు కూడా అవన్నీ చేయించుకుని, రిపోర్టు చేత్తో పట్టుకుని వణికిపోయారు. నేనూ వణికాను.

సెంట్రిఫ్యూజ్ ఆగగానే టెక్నీషియన్ గారు ఒక ట్యూబును వెలుతురుకెత్తారు. అడుగున ఎర్రటి గడ్డ, మధ్యలో జెల్ పొర, పైన ఎండుగడ్డి రంగు సీరం. "మీరడిగిన సీఆర్‌పీ ఈ పైదాంట్లో ఉంటుందండీ" అన్నారు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరంలో పసిగట్టిన పదార్థమిది. ఒంట్లో ఎక్కడ మంట రగిలినా ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థం కాలేయానికి కబురు మోస్తుంది, కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కొన్ని గంటల్లో పెరగడం మొదలై రెండు రోజులకు తారస్థాయికి చేరుతుంది. మంట ఆరితే సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది.

ఊదా మూత ట్యూబు మిషన్‌లోకి వెళ్లి చీటీగా బయటికొచ్చింది. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్స్ 7. టెక్నీషియన్ గారు పెన్నుతో పక్కనే భాగించి "పన్నెండున్నర" అన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ నిష్పత్తి సాధారణంగా మూడు లోపే ఉంటుంది. మామూలు సీబీసీలోంచే వచ్చే లెక్క, పైసా అదనపు ఖర్చు లేదు. నాకు నచ్చింది ఇదే.

ఆ చీటీతో పాటే మెడికల్ వార్డుకు వెళ్లాను. ఆ చీటీ తాలూకు పేషెంటు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు! డాక్టరమ్మ కేస్ షీటు తిప్పారు. సీఆర్‌పీ నిన్న 40, ఇవాళ 110. "మనిషి బాగానే కనిపిస్తున్నాడు కదండీ?" అన్నాను. "అంకె ఎటు నడుస్తోందో చూడాలండీ. ఒక్క అంకె చూసి ఎవర్నీ ఐసీయూకి పంపను" అంటూ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టారు. గంటగంటకూ ఆక్సిజన్ చూడమని సిస్టర్‌కి చెప్పారు.

ఆమె మాటలో పస ఉంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో టోసిలిజుమాబ్ అనే మందును ఆక్సిజన్ తగ్గి, దానితో పాటు సీఆర్‌పీ లీటరుకు కనీసం 75 మిల్లీగ్రాములు ఉన్న కోవిడ్ రోగులకే ఇచ్చి చూశారు. ఇంకో తిరకాసు, ఆ మందు పడ్డాక ఇంటర్‌ల్యూకిన్-6 కబురు ఆగిపోతుంది, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ నేలకు దిగుతుంది. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లలోనూ అది పెరగాల్సినంత పెరగదు.

తిరిగొస్తుంటే కిటికీ దగ్గర ఒకాయన సంబరపడుతున్నాడు, బయటి ల్యాబ్‌లో సీఆర్‌పీ 9.6 వచ్చిందట, ఇక్కడ 96 తప్పంటాడు. అక్కడ డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, ఇక్కడ లీటరుకు ఇన్నని రాస్తారు, రెండూ ఒకటే. అందుకే పాత రిపోర్టు పారేయకండి, ఆసుపత్రికి పట్టుకెళ్లండి. అంకె పక్కన చిన్నక్షరాల్లో ఏముందో కూడా చదవండి.