కాలిబాట ఎవరిది?

నగరంలో వీధి ఎవరి సొంత ఆస్తీ కాదు. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం వీధులను కార్పొరేషన్ పరం చేసింది. ప్రజల తరఫున కాపాడమనే దాని అర్థం. ఆ బాధ్యత ఎలా నెరవేరుతున్నదో తెలుసుకోవటానికి నివేదికలు చదవనక్కరలేదు. ఒక మైలు నడిస్తే చాలు.

నేను రోజూ బస్సు దిగి కాలేజీదాకా నడుస్తాను. ఆ కాస్త దూరంలో కాలిబాట మీద ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, మరోచోట ఒక దుకాణం జనరేటరు, ఆ తరవాత వరసగా నిలిపిన మోటారు సైకిళ్లు. మిగిలినచోట మురుగుకాలవ మీద పలకలు లేవు. అందుచేత మా విద్యార్థులు రోడ్డు మీదకు దిగే నడుస్తారు. వారిలో చూపులేని కుర్రవాడొకడు స్నేహితుడి భుజం పట్టుకోకుండా ఆ దారిన రాలేడు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళుతున్నవారు. పత్రికలు మాత్రం "రోడ్డు దాటుతుండగా ప్రమాదం జరిగింది" అని రాస్తాయి. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనక ఆ వాక్యాన్ని గమనించక తప్పదు. అందులో ఢీకొట్టినవాడు ఎక్కడా లేడు. దాటటమే తప్పయినట్టు ధ్వనిస్తుంది.

అప్పుడప్పుడు అధికారులకు నడిచేవారి మీద దయ కలుగుతుంది. అప్పుడు మొదట కదిలేది తోపుడుబండి. "ఆక్రమణ" అనే మాట అరటిపళ్ల బండికి అంటుకున్నంత సులువుగా దాని పక్కన నిలిపిన కారుకు అంటుకోదు. ఒక కారు ఆగే చోట రెండు బండ్లు పడతాయి, రెండు కుటుంబాలు బతుకుతాయి.

"అయితే బండ్లు అడ్డం కావా?" అని మా క్లాసులోనే అడిగారు. అవుతాయి. ఆ సంగతి దాచటం వల్ల శ్రమజీవులకు మేలు జరగదు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి జీవించే హక్కులో భాగమన్నది. అదే తీర్పులో కాలిబాటను ఆక్రమించే హక్కు ఎవరికీ లేదనీ అన్నది. 1989లో సోదన్ సింగ్ కేసులో, వీధి వ్యాపారం రాజ్యాంగం ఇచ్చిన హక్కేననీ, దానికి సమంజసమైన పరిమితులు వుండవచ్చుననీ చెప్పింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ రెంటినీ కలిపే మార్గం చూపింది. ముందు సర్వే చెయ్యాలి. అది పూర్తయేదాకా ఎవరినీ తొలగించరాదు. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు, వారిలో మూడోవంతు స్త్రీలు వుండాలి.

ఈ రెండు హక్కులూ పొసగవనేవారు ఆదివారం ఆబిడ్స్ వెళ్లి చూడాలి. మూసివున్న దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. నేను ఎమ్మే చదివే రోజుల్లో ఎక్కడా దొరకని పుస్తకాలు అక్కడే కొన్నాను. అమ్మేవారూ, వంగి చూసేవారూ, దాటిపోయేవారూ తమలో తాము సర్దుకుంటారు.

నివాస ప్రాంతాల్లో సైతం 1.8 మీటర్ల వెడల్పున అడ్డులేని నడక స్థలం వుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెప్పాయి. అంటే రెండు చక్రాల కుర్చీలు ఒకదాన్నొకటి దాటగల వెడల్పు. అది వదిలాక మిగిలిన జాగా బండ్లకివ్వాలి. చాలకపోతే కార్లు నిలిపే జాగాలోనుంచి తీసుకోవాలి. అసలు తగాదా నడిచేవాడికీ అమ్మేవాడికీ మధ్య కాదు. వీరిద్దరికీ కలిపి మూరెడు జాగా వదిలి, తక్కిన వీధంతా మోటారుకు రాసిచ్చిన విధానంతోనే తగాదా.

వైకల్యం వున్నవారు సైతం నడవగల కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నది. మంచిదే. కాని తీర్పు పలకలు పరవదు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ టేపు పట్టుకుని తమ కాలేజీ వీధిని కొలవాలి. ఎంత జాగా ఎవరు వాడుకుంటున్నారో లెక్క రాసి, వీధి వ్యాపారుల సంఘంతో కలిసి వార్డు ఆఫీసు ముందు పెట్టాలి. నడిచేవారు విడిగా, అమ్మేవారు విడిగా అడిగినంతకాలం, ఒకరిని చూపించి మరొకరిని తోసెయ్యటం పాలకులకు సులువు.