గేరు మారని పాత కారు: ఒక గృహస్థుని లెక్క

పాతబడిన వస్తువును బాగుచేయించుటయా, దానిని వదలించుకొని క్రొత్తది కొనుటయా అను ప్రశ్న మధ్యతరగతి గృహస్థునకు అపూర్వమైనది కాదు. కాని ఆ వస్తువు ఆటోమేటిక్ గేరు గల కారైనప్పుడు, దాని లోపలి యంత్రము కంటికి కనబడనిదియు, దానినిగూర్చి నలుగురును చెప్పు మాటలు భయము గొలుపునవియు నగుటచే, సమాధానము లెక్కవలన గాక భీతివలన నిర్ణయింపబడుచున్నది. ఉద్యోగవిరమణానంతరము చేతికి వచ్చిన సొమ్మును ఆచితూచి వెచ్చింపవలసిన పెన్షనుదారులు ఈ భీతికి ఎంతటి మూల్యము చెల్లించుచున్నారో చూచి నా మనస్సు నొచ్చుచుండును గనుక, నా అనుభవమును అంకెలతోసహా ఇచట వ్రాయుచున్నాను.

ఎడమ మోకాలి నొప్పిచే క్లచ్చి త్రొక్కుట దుస్సాధ్యమైన పిమ్మట, 2022లో, తొమ్మిదేండ్ల ప్రాయము గల పెట్రోలు కారు నొకదానిని 2,80,000 రూపాయలకు కొంటిని. అది నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ బండి. మన బజారులో ఆటోమేటిక్ అను ఒక్క పేరుతో అమ్ముడువోవు కార్లలో టార్క్ కన్వర్టర్, సీవీటీ, రెండు క్లచ్చుల డీసీటీ, మామూలు గేర్‌బాక్సునే మోటార్లతో నడిపించు ఏఎంటీ అను భిన్నజాతులు కలవు. వీని రోగములు వేరు, నూనెలు వేరు, మరమ్మతు ఖర్చులును వేరు. ఒకదానికి తగిన నూనెను మరియొకదానిలో పోసినచో బాగున్న గేర్‌బాక్సు సైతము చెడును. పాత కారు కొనబోవువాడు రంగును, సీటు కవర్లను చూచుటకు ముందు ఈ సంగతి తెలిసికొనుట మేలని నా దృఢాభిప్రాయము.

కొంతకాలము ఆ బండి నిర్విఘ్నముగా నడచెను. తరువాత, లీవరును పార్కింగునుండి 'డి' లోనికి దింపినప్పుడు కదలుటకు జాగుచేయుటయు, ఇంజను వేడెక్కినకొలదియు రెండవ గేరునుండి మూడవదానికి మారునప్పుడు గట్టిగా కుదుపుటయు మొదలిడెను. ఒకనాడు విజయవాడ బెంజి సర్కిల్ రద్దీలో డాష్‌బోర్డుపై పసుపుదీపము వెలిగి, బండి మూడవ గేరులోనే బిగిసిపోయెను. గేర్లను శాసించు కంప్యూటరు, తనకు అందు సంకేతములలో లోపము కనిపెట్టినప్పుడు, లోపలి భాగములను కాపాడుటకై ఒక్క గేరునకే పరిమితమగునని ఎరిగియుండుటచే తొందరపడక, నెమ్మదిగా ఇంటికి నడిపించుకొని వచ్చితిని.

పెద్ద సర్వీసు సెంటరు నొకదానిని అడుగగా, గేర్‌బాక్సు అడుగున నుండు పాన్‌ను విప్పి చూడకయే, మొత్తము మార్చవలెనని 1,40,000 రూపాయల ఎస్టిమేటు చేతికిచ్చిరి. స్క్రాపు బండినుండి తీసిన గేర్‌బాక్సును 45,000కు ఇప్పింతునని మరియొకరనిరి. "ఆ బండికి అంత పెట్టడం ఎందుకు బాబాయ్, వచ్చిన కాడికి అమ్మేసి కొత్తది తీసుకోండి" అని మా అన్నగారి కుమారుడు ప్రేమతోనే చెప్పెను.

నేను మొదట చేసిన పని, కొన్న ధరను లెక్కనుండి తొలగించుట. బాగుచేయించినను, అమ్మినను, ఆ 2,80,000 రూపాయలు తిరిగి రావు. వానిని తలచుకొని చేయు నిర్ణయము దుఃఖమునకు ఊరట యగునేమోగాని ధనమునకు రక్ష కాదు. విచారింపదగినవి ముందున్న ఖర్చులు మాత్రమే. బండి చక్కగా నడచినచో అప్పటి బజారులో దానికి 2,20,000 పలుకును. ఉన్న స్థితిలో డీలర్లు 90,000కు మించి ఇవ్వరైరి. అనగా ఆ రోగము నయమగుట 1,30,000 రూపాయల విలువ గల సంగతి. క్రొత్త చిన్న ఆటోమేటిక్ కారునకు అప్పుడు ఏడు లక్షలు కావలసియుండెను. అందులో రెండు లక్షలు డిపాజిటునుండి తీసి, మిగిలిన అయిదు లక్షలను తొమ్మిది శాతము వడ్డీకి అయిదేండ్ల గడువుతో అప్పు తెచ్చినచో, నెలకు దాదాపు 10,400 రూపాయల కిస్తీ పడును; వడ్డీయే 1,20,000 దాటును. బీమా కంపెనీలు పాటించు తరుగుదల పట్టిక ననుసరించి ఆ బండి విలువ ఏడాది నిండునప్పటికి 15 శాతము, అయిదేండ్లు నిండునప్పటికి 50 శాతము తగ్గును. పాత బండికి సమగ్రబీమా ఉన్నది కదా, అదియే గేర్‌బాక్సు ఖర్చు భరించునని ఆశపడువారును కలరు. ప్రమాదము లేకుండ యంత్రము తనంతట చెడినచో, అరుగుదలవలన పాడైనచో, సాధారణ పాలసీ ఒక్క రూపాయియు ఇవ్వదు.

ఇంత లెక్క చూచిన పిమ్మట తేలిన దేమనగా, మార్పించుటకు డబ్బు పెట్టకముందు తెలిసికొనుటకు డబ్బు పెట్టవలెనని. విజయవాడ ఆటోనగరులో, లారీలకు బాడీలు కట్టు షెడ్ల నడుమ, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పనియే చేయు మేస్త్రి యొకరు కలరని మిత్రులు చెప్పగా ఆయనను ఆశ్రయించితిని. ఆయన ముందుగా స్కానరు తగిలించెను. పీ0700 అను కోడు, గేర్‌బాక్సు కంప్యూటరు ఏదో లోపమును గుర్తించినదని మాత్రమే తెలుపును. ఆ ఒక్క కోడును చూపి గేర్‌బాక్సు పోయినదనువారిని నమ్మరాదు. దానివెంట నుండు రెండవ కోడు అసలు సంగతి చెప్పును. నా బండిలో అది పీ0755, అనగా షిఫ్ట్ సోలినాయిడ్ 'బి'. గేర్లను మార్చునది నూనె పీడనము. ఆ నూనెను ఏ దారిన పంపవలెనో నిర్ణయించు వాల్వులను ఆడించునవి సోలినాయిడ్లు అను చిన్న విద్యుత్ పరికరములు. బండి చల్లగా నున్నప్పుడు మల్టీమీటరుతో కొలువగా దాని రెసిస్టెన్సు సరిగనే యుండెను. వేడెక్కించి మరల కొలువగా లోపలి తీగ తెగినట్లు చూపెను. ఉదయము లేని కుదుపు మధ్యాహ్నము పుట్టుటకు కారణమదియే.

పిదప నూనె చుక్కను తెల్లకాగితముపై వేసి, "మాస్టారూ, ఇది ఎర్రగా ఉండాలండి. చూడండి, కాఫీ డికాక్షన్‌లాగా అయిపోయింది. కొన్నాక ఎవరూ మార్చినట్టు లేరు" అనెను. మాడువాసన నాకును తెలిసెను. పాన్ విప్పినప్పుడు మే మిరువురమును వంగి చూచినది దాని అడుగున నుండు అయస్కాంతములను. వానిపై బూడిదవన్నె గల మెత్తని ముద్ద పేరుకొనియుండెను. వ్రేళ్ళనడుమ నలిపినను గరుకు తగులలేదు. "ముక్కలు లేవండి, ఇది మామూలు అరుగుదలే" అని ఆయన పలికిన మాట 1,40,000 రూపాయల ఎస్టిమేటును కొట్టివేసినది. ఉక్కుతునకలు కనబడియుండినచో నేను నూనెకై ఒక్క రూపాయియు వెచ్చింపక, బండిని ఉన్న స్థితిలో అమ్మివేసియుందును.

పాన్‌నుండి నాలుగు లీటర్ల నూనెయే దిగును. మిగిలినది టార్క్ కన్వర్టరులో నిలిచిపోవును. కావున ఒకసారి మార్చి, కొంతదూరము నడిపి, మరల మార్చుట పద్ధతి. యంత్రముతో ఒత్తిడిపెట్టి కడుగుట ఏండ్లతరబడి నూనె మారని గేర్‌బాక్సునకు మంచిది కాదని మేస్త్రి వాదము. నేను దాని నంగీకరించితిని. స్కానింగునకు 1,000, ఎనిమిది లీటర్ల నూనెకు 5,600, ఫిల్టరు గాస్కెట్లకు 1,900, సోలినాయిడుకు 4,500, కూలికి 4,000, వెరసి 17,000 రూపాయలు. కంప్యూటరు జ్ఞాపకమును చెరిపి క్రొత్తగా నేర్పించిన తరువాత, గేర్లు మారుట తెలియనంత సాఫీగా మారుచున్నవి.

అయినను పాత గేర్‌బాక్సు పాతదే. క్రొత్త కారుకు నెలనెలా కట్టవలసివచ్చెడి కిస్తీలో అయిదవవంతుకంటె తక్కువగా, 2,000 రూపాయలను ఈ బండి పేర బ్యాంకు రికరింగ్ డిపాజిటులో వేయుచున్నాను. 40,000 కిలోమీటర్ల కొకసారి నూనె మార్పు ఆ నిధినుండియే జరుగును. 2013లో రిజిస్టరైన బండి గనుక 2028లో పదునైదేండ్లు నిండును. పిమ్మట ఫిట్‌నెస్ పరీక్షకు పెట్టి అయిదేండ్లకు రెన్యువల్ చేయింపవలెను. అంతవరకు లోపలి క్లచ్చిప్లేట్లే చెడినచో 60,000 రూపాయల మేరకు ఖర్చు పెట్టుదును. ఆపై ఒక్క రూపాయి ఎక్కువైనను బండిని విప్పకుండనే అమ్ముదునని మేస్త్రికిని, మా అన్నగారి కుమారునకును ముందే చెప్పియుంచితిని.