వందలో యాభై ఆరు... అయినా ఓటమే!

2024 అక్టోబరు. ఫ్లోరిడాలో ఓ తెలుగువారి ఇల్లు. డైనింగ్ టేబుల్ మీద రెండు పోస్టల్ బ్యాలట్లు. ఒకటి తండ్రిది, రెండోది కొత్తగా ఓటు వచ్చిన కూతురిది. అధ్యక్షుడి దగ్గర ఇద్దరికీ పేచీ రాలేదు. 'మూడో సవరణ' దగ్గరే పెన్నులు ఆగిపోయాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాళ్లు సరదాకి గంజాయి వాడుకోవచ్చా? మూడు ఔన్సుల వరకూ, అంటే సుమారు 85 గ్రాములు, దగ్గర పెట్టుకోవచ్చా? అదీ ప్రశ్న.

''నువ్వింకా 1969లోనే ఉన్నావు నాన్నా!'' అంది కూతురు.

ఆ ఏడాది గాలప్ సంస్థ మొదటిసారి అడిగినప్పుడు, గంజాయిని చట్టబద్ధం చేయాలన్న అమెరికన్లు నూటికి 12 మందే. 2023 నాటికి వాళ్లు 70 మంది! 1996లో కాలిఫోర్నియా ఓటర్లు మందుగా వాడటానికి సరేనన్నారు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు సరదా వాడకానికీ ఒప్పుకున్నాయి. 2024 నాటికి అలాంటి రాష్ట్రాలు 24 అయ్యాయి. ఈసారైతే పార్టీల గీతలూ చెరిగిపోయాయి. తాను ఔననే ఓటేస్తానని ట్రంప్ ప్రకటించారు. అదే పార్టీకి చెందిన గవర్నర్ డిశాంటిస్ ససేమిరా అన్నారు.

''చిటికెడు ఆకు దొరికిందని కుర్రాళ్ల మీద కేసు పెడితే, రేపు వాళ్లకి ఉద్యోగం ఎవరిస్తారు?'' కూతురి వాదన అది.

తండ్రిది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊరు. పొగాకు బోర్డు లైసెన్సు, చేలో బ్యారన్, వేలం కేంద్రం... అన్నీ సర్కారు ముద్రతోనే. ఆ డబ్బుతోనే ఆయన ఇంజినీరింగ్ చదివాడు. రోజంతా చుట్ట కాల్చిన వాళ్ల నాన్న మాత్రం గొంతు క్యాన్సర్‌తో పోయాడు.

''చట్టం ఒప్పుకున్నదల్లా ఒంటికి మంచిది కాదు తల్లీ'' అన్నాడాయన.

''మరి పొగాకును నిషేధించమని ఎప్పుడైనా అడిగావా?''

ఆయన దగ్గర జవాబు లేదు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాడు.

ఇంట్లో మూడో మనిషి, ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మేనల్లుడు. అతనికి ఓటు లేదు. ''ఇది గెలిచినా నీక్కాదురా'' అని మామయ్య ముందే హెచ్చరించాడు. వీసాలు, పౌరసత్వం రాష్ట్రం చేతిలో ఉండవు, కేంద్రం చేతిలో ఉంటాయి. రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయి వాడకం పౌరసత్వానికి అడ్డంకి కావచ్చని అమెరికా వలస విభాగం 2019లోనే స్పష్టం చేసింది. ఒకే ఇల్లు, ఒకే ఊరు... పౌరులకు ఒక ధైర్యం, పరాయివాళ్లకు మరో భయం!

కూతురు ఔనంది. తండ్రి కాదన్నాడు. రెండు కవర్లూ ఒకేసారి పోస్టయ్యాయి.

నవంబరు 5 రాత్రి ఫలితం వచ్చింది. నూటికి దాదాపు 56 మంది ఔనన్నారు. అయినా సవరణ ఓడిపోయింది! ఫ్లోరిడా రాజ్యాంగాన్ని మార్చాలంటే 60 శాతం ఓట్లు రావాలి. ఆ నిబంధనను 2006లో ఓటర్లే ఆమోదించారు. వైద్యానికి గంజాయి కూడా 2014లో 57 శాతం దాటీ ఇలాగే ఓడింది. 2016లో 71 శాతంతో గట్టెక్కింది.

ఆ రాత్రి కూతురు అన్నం సరిగ్గా తినలేదు. గెలిచిన తండ్రికీ ముద్ద దిగలేదు. తనవైపు ఉన్నది తక్కువమందేనని ఆయనకి తెలుసు.

మర్నాడు ఊరి నుంచి అమ్మ ఫోను. ''గంజాయి గెలిచిందట్రా?''

''లేదమ్మా. కావాలన్నవాళ్లే ఎక్కువ. కానీ ఓడిపోయింది.''

''ఇదేం లెక్కరా నాయనా!''

2025లో గాలప్ అంకె 64కి దిగింది. ''చూశావా, జనం మనసు మారుతోంది'' అంటూ తండ్రి ఆ వార్త కూతురికి చూపించాడు.

ఆమె నవ్వింది. ''ఇంకా అరవై మీదే ఉంది కదా నాన్నా! అది సరే... పొగాకు గురించి నేనడిగినదానికి జవాబేదీ?''