పావలా చాక్లెట్టు

మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలోని గౌనిపల్లి. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరి ఊరు కావడంతో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. మా తాతల కాలంలో కాగితం చుట్టిన తీపి వస్తువు ఏదైనా ‘పిప్పరమెంటు’. మా కాలానికి అదే ‘చాక్లెట్టు’ అయింది. నారింజ తొనలాంటి బిళ్ళ అయినా, పాల బిళ్ళ అయినా, కాఫీ వాసన వచ్చేదైనా మాకు అన్నీ చాక్లెట్లే. నిజానికి వాటిలో చాలావాటికి కోకో గింజతో చుట్టరికమే లేదు. ఈ మాట చెబితే మా అమ్మాయి, “మరి చాక్లెట్ అని ఎందుకన్నారు నాన్నా?” అని అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే ముందు మా అమ్మ అంగడి సంగతి చెప్పాలి.

మా నాన్న పోయేనాటికి నేను నాలుగో తరగతి, తమ్ముడు ఇంకా బడికి పోనివాడు. ఉన్న కాస్త చేనూ వానను నమ్ముకున్నది. అమ్మ తన గాజులు కుదువ పెట్టి బస్టాండు దగ్గర చిన్న అంగడి పెట్టింది. వక్కాకు, బీడీలు, అగ్గిపెట్టెలు, సబ్బులు, బొరుగులు అమ్మేది. ముందు వరుసలో నాలుగు గాజు సీసాలు. ఒకదానిలో కమ్మరకట్లు, ఒకదానిలో వేరుశెనగ ఉండలు. ఈ రెండూ అమ్మే బెల్లం పాకం పట్టి ఇంట్లో చేసేది. మిగతా రెండు సీసాల్లో చాక్లెట్లు. ఒక్కొక్కటి పావలా. రూపాయికి నాలుగు.

కంపెనీ చాక్లెట్లలో మా సీసాను ఎక్కువగా నింపినది చిత్తూరు సరుకు. అక్కడ 1952లో బి. వెంకట్రామరెడ్డిగారు న్యూట్రిన్ మిఠాయి కంపెనీని స్థాపించారు. ఒక జిల్లా కేంద్రంలో మొదలైన ఆ కంపెనీ దేశంలోని పెద్ద మిఠాయి కంపెనీలలో ఒకటిగా ఎదిగింది. దాని మహా లాక్టో పాల చాక్లెట్టు, కొబ్బరి రుచి ఉన్న కోకానాకా చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. తమిళనాడు వైపు నుంచి ప్యారీ కంపెనీ సరుకు వచ్చేది. 1914 నుంచి నెల్లికుప్పంలో మిఠాయిలు చేసిన కంపెనీ అది. కాఫీ బైట్ వాళ్ళదే. బొంబాయి పార్లే కంపెనీ 1929లో మొదలైంది. బిస్కెట్లకన్నా ముందు వాళ్ళు చేసింది మిఠాయిలే. పాపిన్స్, కిస్మి, మెలోడీ ఆ ఇంటివి.

అసలు చాక్లెట్టు మాత్రం మా అంగడికి రాలేదు. రాకపోవడానికి ధర ఒక కారణమైతే, ఎండ ఇంకో కారణం. చాక్లెట్టుకు ప్రాణం కోకో వెన్న. అది సుమారు 34 డిగ్రీల వేడికి కరిగిపోతుంది. నోట్లో వేసుకోగానే కరిగే సుఖం అందువల్లనే. కానీ మా ఊళ్ళో చైత్ర వైశాఖాల్లో రేకుల కప్పు కింద ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? నోటికి చేరకముందే కాగితంలోనే కరిగి ఊరుకునేది. చల్లపెట్టె లేని అంగడిలో దానికి చోటు లేదు.

పాల చాక్లెట్టు సంగతి వేరు. చక్కెర, గ్లూకోజ్ పాకం, పాలపొడి, కొవ్వు కలిపి బాగా ఉడికిస్తారు. పాలకోవా కాస్త ముదిరితే వచ్చే రంగు, కమ్మదనం దానికీ వస్తాయి. పాకం గట్టిపడ్డాక ఎండకు కరగదు. దాని శత్రువు తేమ. ఉడికిన చక్కెర గాలిలోని తడిని పీల్చుకుంటుంది. అందుకే ప్రతి బిళ్ళకూ రెండు వైపులా మెలి తిప్పిన కాగితం. వానకాలంలో సీసా మూత సరిగ్గా పెట్టకపోతే చాక్లెట్టు చెమర్చి కాగితానికి అతుక్కునేది. దాన్ని ఎవరూ కొనరు. అమ్మ ఆ మూత విషయంలో మమ్మల్ని తిట్టినన్ని తిట్లు చదువు విషయంలో కూడా తిట్టలేదు. అలా చెమర్చినవి మాత్రం నాకూ తమ్ముడికీ దక్కేవి. కాగితంతో సహా చప్పరించి, చివర కాగితం ఊసేసేవాళ్ళం.

మా అంగడిలో అమ్మకం కన్నా అప్పు ఎక్కువ. అమ్మకు చదువు రాదు. సాయంత్రం ఆమె నోటితో చెబుతుంటే నేను లెక్క పుస్తకంలో రాసేవాణ్ణి. నాకు వచ్చిన అక్షరాలు కన్నడవే. కాబట్టి తెలుగు మాటలను కన్నడ లిపిలో రాసేవాణ్ణి. మా జిల్లాలో ఎన్నో ఇళ్ళ లెక్కలూ ఉత్తరాలూ అలాగే నడిచాయి. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది బెంగుళూరులో ఉద్యోగంలో చేరిన తరువాత.

ఆ రోజుల్లో చాలా అంగళ్ళలో చిల్లర లేదంటే చేతిలో చాక్లెట్టు పెట్టేవారు. అమ్మ ఆ పని ఎన్నడూ చేయలేదు. “దుడ్లు ఇయ్యల్సిన చోట దుడ్లే ఇయ్యల్ల. వాళ్ళకు ఏం కావాలో మనమెట్ల చెప్తాం?” అనేది. చిల్లర లేకపోతే “రామన్నకు పావలా మనం బాకీ” అని నాచేత రాయించేది. మాకు రావలసినవాటితో పాటు మేం ఇవ్వవలసిన పావలాలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి.

బడిలో పుట్టినరోజుకు చాక్లెట్లు పంచడం అప్పుడప్పుడే మా ఊరికి వచ్చిన ముచ్చట. ఒకసారి కూలికి పోయే ఒకామె కొడుకు చేయి పట్టుకుని వచ్చింది. కొంగుముడిలో ఎనిమిది రూపాయలు ఉన్నాయి. తరగతిలో పిల్లలు ముప్ఫై ఆరుమంది, అయ్యవార్లు ఇద్దరు. రూపాయికి నాలుగు చొప్పున ముప్ఫై రెండు వస్తాయి. ఆరు తక్కువ. ఆమె లెక్క చూసుకుని వెనక్కి తిరగబోయింది. అమ్మ నలభై లెక్కపెట్టి పొట్లం కట్టింది. “రెండు పిలగానికి” అని చెప్పింది. ఆ సాయంత్రం నేను ఎనిమిది చాక్లెట్లు ఎవరి పేరున రాయాలని అడిగితే, “మన పేరునే రాయి” అంది. రెండు రూపాయల నష్టం మాకు ఆ రోజుల్లో చిన్నదేమీ కాదు. ఆ రాత్రి మా ఇంట్లో చారులో పప్పు పడలేదు.

ఇప్పుడు ఆ చాక్లెట్ల తరువాతి కథ. 2006లో న్యూట్రిన్‌ను గోద్రెజ్ వారు కొన్నారు. 2007లో అమెరికాకు చెందిన హెర్షీ వారితో కలిశారు. 2012లో వ్యాపారమంతా హెర్షీ చేతికి వెళ్ళింది. ఇందులో ఒక తమాషా ఉంది. హెర్షీ కంపెనీకి మూలపురుషుడైన మిల్టన్ హెర్షీ మొదట పెన్సిల్వేనియాలో పాల క్యారమెల్ బిళ్ళలు చేసి పేరు తెచ్చుకున్నాడు. 1900లో ఆ క్యారమెల్ కంపెనీని పది లక్షల డాలర్లకు అమ్మేసి, ఇక రాబోయేది చాక్లెట్ల కాలమని అటు మళ్ళాడు. ఆయన వదిలేసిన పాల బిళ్ళనే వందేళ్ళ తరువాత ఆయన కంపెనీ చిత్తూరుకు వచ్చి కొనుక్కుంది. ప్యారీ మిఠాయిల వ్యాపారం 2004లో లోట్టే వారికి పోయింది. రావల్‌గావ్ వారి పాన్ పసంద్, మ్యాంగో మూడ్ వగైరా పేర్లను 2024లో రిలయన్స్ వారు 27 కోట్లకు కొన్నారు.

కంపెనీల సంగతి ఎలా ఉన్నా, మా అంగడి సీసాలను ఖాళీ చేసింది నాణెం. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లవని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికే పావలాకు విలువ పోయి చాక్లెట్టు అర్ధరూపాయి, రూపాయి అయింది. అర్ధరూపాయి చట్టప్రకారం చెల్లుతున్నా, ఇస్తే పుచ్చుకునేవాడు లేడు. 2016లో యూపీఐ వచ్చింది. క్రమంగా అంగడి గోడలమీద క్యూఆర్ బొమ్మలు వెలిశాయి. ఏడు రూపాయలంటే సరిగ్గా ఏడే పోతాయి కాబట్టి చిల్లరకు బదులు చాక్లెట్టు పెట్టే అవసరమూ తీరింది. అమ్మ మాటే చివరకు నెగ్గింది కానీ, అప్పటికే ఆమె అంగడి మూసి మూడేళ్ళయింది.

అసలు చాక్లెట్టు కూడా ఇప్పుడు మనకు దూరపు చుట్టం కాదు. 1980 ప్రాంతంలో కోకో ధర పడిపోయి దక్షిణ కన్నడ రైతులు దిక్కుతోచక ఉంటే, 1973లో ఏర్పడిన క్యాంప్కో సహకార సంఘం గింజలు కొనడానికి పూనుకుంది. 1986లో పుత్తూరులో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ తెరిచింది. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో ఇప్పుడు కోకో విస్తారంగా పండుతోంది. చల్లపెట్టెలు పల్లె అంగళ్ళకు వచ్చాక గౌనిపల్లిలోనూ మంచి చాక్లెట్లు దొరుకుతున్నాయి. పిల్లలు తింటున్నారు. సంతోషమే.

పాతవి కావాలంటే పూర్తిగా దొరకవని కాదు. కిస్మి, మెలోడీ, కాఫీ బైట్ అంగళ్ళలో ఉన్నాయి. పార్లే వారు ఆపేసిన రోలా కోలాను జనం అడిగి అడిగి 2019లో మళ్ళీ తెప్పించుకున్నారు. ‘చిన్ననాటి మిఠాయిలు’ అని పెట్టెల్లో పెట్టి ఇంటికి పంపేవారు కూడా ఉన్నారు. అలాంటి పెట్టె ఒకటి తెప్పించి అమ్మ ముందు పెట్టాను. ఆమెకు చక్కెర జబ్బు, పళ్ళూ లేవు. ఒక్కొక్కటీ తీసి చూసి, కాగితం మెలి సరిచేసి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. పెట్టె ధర అడిగింది. చెప్పాను. “ఈ దుడ్లకు బడి మొత్తానికీ పంచొచ్చునే!” అని ఆశ్చర్యపోయింది.

ఆ మాట నాలో నిలిచిపోయింది. మనం ఆ రుచిని తలుచుకుని బెంగపడుతున్నాం కానీ, ఆ చాక్లెట్టు గొప్పతనం ఎనిమిది రూపాయలతో ఒక పేద తల్లి తన బిడ్డను తరగతిలో తల ఎత్తుకుని నిలబెట్టగలగడంలో ఉంది. ఇవాళ పుట్టినరోజుకు ఖరీదైన చాక్లెట్లు పంచే పిల్లల మధ్య, ఏమీ తేలేని పిల్లవాడు ఆ రోజు బడికే రాకుండా ఉండిపోవడం నేను చూస్తున్నాను.

కనుక మన సంఘం సభ్యులకు ఒక చిన్న మనవి. ఈసారి ఉగాది కలయికలో పిల్లలకు చాక్లెట్లు పంచేటప్పుడు రూపాయి బిళ్ళలే తెద్దాం, అందరికీ ఒకే రకం ఇద్దాం. మీ ఊరి బడిలోనూ ఆ ఏర్పాటు ఉంటే మేలని అయ్యవార్లతో చెప్పండి. లెక్కపెట్టి పొట్లం కట్టేటప్పుడు మాత్రం నాలుగు ఎక్కువే వేయండి. పంచే పిల్లవాడికి కూడా మిగలాలి కదా!